లైటింగ్ ప్రేమ్‌సాగర్ తెచ్చిన తొండపిల్ల

జగిత్యాలలో పెళ్లి పందిరికి లైట్లు కావాలంటే మా ఆయన్నే పిలుస్తారు. లైటింగ్ ప్రేమ్‌సాగర్ ఇల్లంటే ఆటోవాళ్లు తెచ్చి మా గుమ్మం ముందే దింపుతారు. పందిట్లో చారెడు చీకటి కనిపించినా ఆయనకు అన్నం సహించదు. కరెంటు పోతే పెళ్లికొడుకు కంటే ముందు ఈయనకే చెమటలు పడతాయి, జనరేటర్ దగ్గరికి ఉరుకుతాడు.

అలాంటి మనిషి కోరుట్లలో చేపలూ పిట్టలూ అమ్మే నౌషాద్ దగ్గర ఆస్ట్రేలియా తొండపిల్లను చూసి మనసు పారేసుకున్నాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది, గొంతు కింద ముళ్ల గడ్డం.

"మనింట్ల బల్లులు సాల్తలేవా? రేపు తొండ ముదిరి ఊసరవెల్లి అయితే నన్నడగకు" అన్నాను. వింటేగా.

నౌషాద్ మాత్రం ఊరికే ఇవ్వలేదు. "ప్రేమన్నా, పెట్టెల ఒక దిక్కు వేడి, ఒక దిక్కు సల్లగ ఉండాలె. రాత్రి లైట్లు బంద్. ఆదివారం అచ్చి సూస్త. అప్పటిదాంక తినకుంటే వాపస్ తీస్కపోత. దాని పాణం ముఖ్యం" అన్నాడు.

ఈయన తలూపి, ఇంటికొచ్చి అంతా తన పద్ధతిలోనే చేశాడు. గాజుపెట్టెకు జల్లెడలాంటి ఇనుప మూత, దాని మీద తొండల కోసమే అమ్మే ట్యూబులైటు, అక్కడిదాకా బాగుంది. తర్వాత ఈ చివర వేడి బల్బు, ఆ చివర వేడి బల్బు, నడుమ పందిట్లో వాడే ఫోకస్ లైటు.

"ఒక మూల సీకటుంటే మనకే నామోషి" అన్నాడు. రాత్రి కూడా ఆర్పనివ్వలేదు.

తొండపిల్ల, దాక్కోవడానికని పెట్టెలో పెట్టిన కూనపెంకు కిందికి దూరి కదల్లేదు. గోధుమ పొట్టులో పెంచిన పురుగులు పెట్టాడు. మునగాకు సన్నగా తరిగి పెట్టాడు. దేన్నీ ముట్టలేదు. రోజురోజుకీ తోక సన్నబడుతుంటే ఈయనకూ ముద్ద దిగలేదు. నాకు ఒళ్లు మండింది, మనిషిని చూస్తే కడుపు తరుక్కుపోయింది కూడా.

ఆదివారం పొద్దున బయల్దేరానని నౌషాద్ ఫోన్ చేశాడు. కాసేపటికే కరెంటు పోయింది. ఈయన అలవాటు కొద్దీ వాకిట్లో జనరేటర్ దగ్గరికి ఉరికాడు. ఎంత తాడు లాగినా ఆ రోజు అది అందుకోలేదు. నేను గాలి కోసం కిటికీ తెరిచాను. పెట్టె మెల్లగా చల్లబడింది. ఒక చివర మాత్రమే ఎండ పడింది. పెంకు కింది నుంచి ముందు మూతి, తర్వాత గడ్డం. అది ఎండలోకి పాకి, ఒళ్లు పలచగా పరుచుకుని కూర్చుంది.

పరుగెత్తి, జనరేటర్ తాడు లాగుతున్న చెయ్యి పట్టుకున్నాను.

"లాగకు. నౌషాద్ ఏం జెప్పిండు, నువ్వేం జేసినవ్? ఒక్క దిక్కే ఎండున్నది, ఇగ సూడు, బయటికచ్చింది."

ఆయన మొహం తెల్లబోయింది. పిల్లిలా అడుగులేస్తూ లోపలికొచ్చి, చిన్న పట్టకారుతో పురుగును పట్టి దాని ముందు ఆడించాడు. తొండ తల పక్కకు వంచి చూసింది. చటుక్కున నాలుక చాపింది. పురుగు మాయం. ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి. ఆయన నా భుజం నలిగిపోయేలా పట్టుకున్నాడు, ఆ సంబరంలో నాకు నొప్పే తెలియలేదు.

కరెంటొచ్చి లైట్లన్నీ భగ్గుమన్నాయి. ఆయనే గబగబా స్విచ్చులు ఆర్పి, ఒక చివరి బల్బూ ట్యూబూ ఉంచి, మిగతావన్నీ పీకేశాడు.

అంతలో నౌషాద్, తొండను తీసుకుపోవడానికి చిల్లులు పెట్టిన డబ్బాతో గడప దాకా వచ్చాడు. మా ఆయన రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"గా డబ్బా బండి మీదనే పెట్టి రా, నౌషాద్. సప్పుడు జెయ్యకు. లోపట బిడ్డ బువ్వ తింటున్నది."