వంగి చూడని పరిశీలకుడు

రాష్ట్రం నన్ను ఏరికోరి పరిశీలకుణ్ణి చేసిందని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. జరిగింది మాత్రం వేరు. ప్రైమరీ టీచర్లకు ఐదేసి రోజుల ట్రైనింగులు నడుస్తుంటే, అవి సరిగ్గా సాగుతున్నాయో లేదో చూసి రమ్మని పక్క జిల్లాల టీచర్లను పంపాలని పైవాళ్ళు అనుకున్నారు. మా మండలం నుంచి ఒక పేరు అడిగారు. అందరూ ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నారు. నేను మాత్రం "తప్పదంటే పోతాను సార్" అన్నాను. ఆ మాట ఎంత అయిష్టంగా అనాలో రెండు రోజుల ముందు నుంచే సాధన చేసి ఉన్నాను.

మాది మిర్యాలగూడ. నా బడి హాలియా వైపు ఒక పల్లెలో. మూడు, నాలుగు తరగతులు నేను చూస్తాను, మిగతావి ఇంకో టీచరమ్మ. నేను వెళ్ళిన రోజు ఐదు తరగతులూ ఆమె నెత్తిన పడతాయి. అది తెలిసే వెళ్ళాను. మెడలో వేసుకునే కార్డు మీద "రాష్ట్ర పరిశీలకులు" అని రాసి ఉంది మరి. దానికి నీలం రంగు తాడు. మా ఆవిడ చూసి, "గిదేంది, పెండ్లిల కేటరింగోల్లు ఏసుకున్నట్టున్నది" అంది. నేను పట్టించుకోనట్టు కార్డు జేబులో పెట్టుకుని బయటపడ్డాను. బస్సెక్కాక మళ్ళీ తీసి మెళ్ళో వేసుకున్నాను, కండక్టరు చూస్తాడేమోనని. అతను టికెట్ అడిగాడు, అంతే.

మొదటి రోజు సూర్యాపేట. ఒక హైస్కూల్లో సెంటరు. నా పనల్లా ఫోన్లో ఒక యాప్ తెరిచి, అది అడిగినవాటికి అవును, కాదు అని టిక్కు పెట్టడం. టైముకు మొదలుపెట్టారా? ఆ రోజు అంశం బోర్డు మీద రాశారా? పుస్తకంలో ఉన్న వరసలోనే చెప్పారా? నేను చేతులు వెనక్కి కట్టుకుని బెంచీల మధ్య నడిచాను. నాకంటే పెద్దవాళ్ళు నన్ను చూసి గబగబా పుస్తకాలు తెరుస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా మా బడికి ఎవరొచ్చినా నేనూ అలాగే తెరుస్తూ వచ్చాను. ఆ బాకీ అంతా ఒక్కరోజులో తీరిపోయినట్టనిపించింది.

చివర "గుర్తించిన లోపాలు" అని ఒక గడి ఉంది. నాకు లోపాలేవీ కనపడలేదు. "లేవు" అని రాశాను. యాప్ ఒప్పుకోలేదు. "ఏమీ లేవు" అన్నాను. కనీసం నలభై అక్షరాలు కావాలంది. ఆ రెండు మాటలే అయిదారుసార్లు కొట్టబోయి, పైన చదివేవాళ్ళు పిచ్చోడనుకుంటారని ఆగాను. ఏం తోచక తలెత్తితే ఫ్యాను కనిపించింది. అది కిర్రుకిర్రుమంటోంది. దాని మీద నలభై అక్షరాలు రాసి పంపేశాను. సాయంత్రం ఆ బడి హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. "ఏంది సార్, జర నాకు చెప్తే నూనె ఏయించేటోన్ని గదా. ఇప్పుడు ఆఫీసోల్లు నన్ను పరేషాన్ చేస్తున్నరు" అన్నాడు. పాపమనిపించింది. రేపటి నుంచి ఎవరి మెడకూ చుట్టుకోని లోపాన్ని వెతుక్కోవాలని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు కోదాడలో వెతుక్కున్నాను.

ఆ రోజు అంశం, వెనకబడిన పిల్లలకు ఎవరికి తగినట్టు వాళ్ళకు చదువుకునే సామగ్రి తయారు చేయడం. ట్రైనరు తెర మీద బొమ్మ తర్వాత బొమ్మ వేసి చక్కగా చెబుతున్నాడు. "సామగ్రి తయారీ గురించి వివరించారా?" అని యాప్ అడిగింది. అవునన్నాను. అప్పుడు చూశాను చివరి బెంచీలో ఒక మేడమ్‌ని. ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ వయసు. ముందు చిన్న చిన్న నోటుబుక్కుల దొంతర. తెర వైపు చూడటం లేదు, తల వంచుకుని రాసుకుంటున్నారు. వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను. దగ్గాను. మళ్ళీ కాస్త గట్టిగా దగ్గాను. ఆమె తల ఎత్తలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఆమె ట్రైనింగు వినలేదని కాదు. ఇంతమంది నన్ను చూసి సర్దుకుని కూర్చుంటే ఈమె నన్ను చూడనైనా చూడలేదని. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ పూట మాత్రం నా కోపం నాకు కర్తవ్యంలాగే కనిపించింది. "చివరి బెంచీలో ఒక ఉపాధ్యాయురాలు శిక్షణను పట్టించుకోకుండా సొంత పని చేసుకుంటున్నారు" అని రాశాను. నలభై అక్షరాలు దాటి ఇంకా మిగిలాయి. పేరు రాయలేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదనుకున్నాను. యాప్ గది ఫోటో కూడా అడిగింది, నిలబడ్డ చోటి నుంచే తీసి పెట్టాను.

వారం తిరక్కుండా కోదాడ సెంటర్ ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. "సార్, మీరేం రాశారండీ? మా మేడమ్ గారికి మెమో వచ్చింది."

"నేను పేరు రాయలేదు కదా" అన్నాను. నా నోటి నుంచి మొదట వచ్చింది అదే.

"ఫోటో పెట్టారు కదండీ" అన్నాడు. ఆమె నెలాఖరుకు రిటైరవుతున్నారట. సర్వీసంతటిలో ఒక్క మెమో లేదట. ఈ సంగతి తేలేదాకా పెన్షన్ కాగితాలు కదలవట. "ఆమె సంజాయిషీ ఇచ్చేశారండీ. దాని మీద ఆఫీసువాళ్ళు 'పరిశీలకుని వివరణ తీసుకోండి' అని రాశారు. ఇక మీరే చెప్పాలి." ఫోన్ పెట్టేశాక నాకు భయమేసింది. భయం ఆమె గురించా, నా గురించా అని అప్పుడే ఎవరన్నా అడిగి ఉంటే సగం సగం అని చెప్పేవాణ్ణి. అందులోనూ ఒకటి రెండు పాళ్ళు అబద్ధం ఉండేది.

మర్నాడు సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. ఆమె బడి ఊరికి కాస్త దూరంలో ఒక పల్లెలో ఉంది. నేను వెళ్ళేసరికి పాఠం నడుస్తోంది. నన్ను గుర్తుపట్టారు. "కూర్చోండి. ఇదయ్యాక మాట్లాడదాం" అని మళ్ళీ పిల్లల వైపు తిరిగారు. పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను.

ఒక పాప లేచి నోటుబుక్కు తెరిచింది. ఆ రోజు దొంతరలో చూసిన నోటుబుక్కే. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. "మా నాన్న వడ్ల లారీ తోలతాడు. లారీకి నిమ్మకాయ కడతాడు. ఎండిపోతే కొత్తది కడతాడు." కూర్చుంది. ఇంకొకడు లేచాడు. "మా అమ్మ మిరపకాయలు ఏరడానికి ఆటోలో పోద్ది. ఆటోలో పన్నెండు మంది. మా అమ్మ చివర్న కూర్చుంటది." వాడి పుస్తకం వేరు, దానిలోని మాటలు వేరు. ఎవరింటి మాటలు వాళ్ళ పుస్తకంలో ఉన్నాయి. కొందరి దానిలో పేజీకి రెండే మాటలు, కొందరి దానిలో అయిదు వాక్యాలు.

ట్రైనరు తెర మీద చూపించిందీ, నేను అవునని టిక్కు పెట్టిందీ ఇదే. ఆ గదిలో అంతమంది దాని గురించి వింటుంటే, ఆమె ఒక్కరే అది చేస్తున్నారు. నేను పట్టుకున్నది ఆ ఒక్కరినే.

పిల్లలు అన్నానికి వెళ్ళాక ఆమె నా ఎదురుగా కూర్చున్నారు. "ఐదు రోజులు నేను బళ్ళో ఉండనుగా అండీ. పిల్లలు ఊరికే కూర్చుంటారని, అక్కడ రాసి, సాయంత్రం ఇళ్ళకెళ్ళి ఇచ్చొచ్చేదాన్ని" అన్నారు. నేను సారీ చెప్పాను. ఆమె తల ఊపలేదు. "మీరు నా వెనకాలే నిలబడ్డారు. దగ్గు వినపడింది. ఒక్కసారి వంగి చూస్తే అయిపోయేది కదండీ?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. తను ఇచ్చిన సంజాయిషీ నకలు చూపించారు. అందులో మూడే వాక్యాలు. "పరిశీలకులు రాసింది నిజమే. నేను రాసుకుంటున్నాను. ఏం రాస్తున్నానో వారు అడగలేదు."

యాప్‌లో పంపిన దాన్ని మార్చడానికి వీల్లేదు. కాగితం మీద రాసివ్వాల్సిందే. ఇంటికొచ్చి కూర్చున్నాను. మొదటి కాగితంలో "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టాను. ఏ సాంకేతికమో నాకే తెలియలేదు. రెండోదానిలో "దూరం నుంచి చూసినందున పొరపాటు జరిగి ఉండవచ్చు" అన్నాను. నేను నిలబడింది ఆమె బెంచీకి జానెడు దూరంలో. మూడోది మొదలుపెడుతుంటే మా ఆవిడ వచ్చి పాత రెండూ చదివింది. "గింత చిన్న ముచ్చటకు గిన్ని కాయితాలా? నువ్వు సూడలే. గదే రాయి" అంది.

రాస్తే నామీదికి వస్తుంది. అది మా ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి రాశాను. ఆ మేడమ్ ఏం చేస్తున్నారో నేను చూడలేదు, అడగలేదు, ఆ రోజు చెప్పిన పనినే ఆమె చేస్తున్నారు, నా నివేదిక తప్పు, అని. దాన్ని సూర్యాపేట వెళ్ళి జిల్లా ఆఫీసులో ఇస్తే అక్కడి క్లర్కు రెండుసార్లు చదివి, "ఎవలన్న తమ మీద తామే రాసుకుంటరా సార్?" అన్నాడు. నన్ను చూసి జాలిపడుతున్నాడో, మెచ్చుకుంటున్నాడో తేలలేదు. మెచ్చుకోలే అనుకుని ఆ పూటకు బస్సులో కాస్త నిటారుగా కూర్చున్నాను. బుద్ధి ఒక పట్టాన పోదు.

ఆ తర్వాత కదలిక లేదు. నెలాఖరు దగ్గరపడుతుంటే నాకు కాలు నిలవలేదు. బడి అయ్యాక మిర్యాలగూడలో దిగకుండా నేరుగా ఆఫీసుకు పోయేవాణ్ణి, పోయేసరికి మూసేసేవాళ్ళు. ఒకసారి సెలవు పెట్టి పొద్దున్నే పోయి కూర్చున్నాను. చివరికి ఆమె రిటైరయ్యే రోజు పొద్దున ఆఫీసు నుంచి కబురొచ్చింది. పోతే రెండు కాగితాలు చేతికిచ్చారు. ఒకటి ఆమె మెమో రద్దు. రెండోది నాకు మెమో. చూడకుండా నివేదిక ఎలా ఇచ్చారో మూడు రోజుల్లో తెలపమని. ఆమె కాగితం టపాలో వేస్తామన్నారు. వద్దు, నేనే ఇస్తానని సంతకం పెట్టి తీసుకుని కోదాడ బస్సెక్కాను.

దారిలో ఏమేం జరగబోతోందో ఊహించుకున్నాను. ఆమె కళ్ళు చెమరుస్తాయి. నేను "ఇందులో నాదేముంది మేడమ్" అంటాను. నేనూ మెమో తిన్నానని ఎవరో చెబితే బాగుండును, నా అంతట నేను చెప్పుకుంటే బాగుండదు కదా. ఇలాంటివి చాలా.

బడి వరండాలో ఊరివాళ్ళు శాలువా, దండలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె ఇంకా తరగతిలోనే ఉన్నారు. ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తూ, తెల్లకాగితం మీద ఏదో రాస్తున్నారు. తర్వాత వచ్చే టీచరు కోసమట. ఏ పిల్ల ఏ అక్షరం దగ్గర తడబడుతుందో, ఎవరికి గుణింతం రాలేదో, ఎవరు చదివింది చెప్పలేకపోతున్నారో, వరసగా పేర్లతో. నేనిచ్చిన కాగితం చదివి, మడిచి, బ్యాగులో పెట్టుకున్నారు. "మంచిది" అన్నారు. అంతే. మళ్ళీ కలం తీశారు.

నేను కదలకపోవడం చూసి తలెత్తారు. "మీరు మూడు, నాలుగు తరగతులు చెబుతారని మొన్న అన్నారు కదండీ? మీ క్లాసులో చదవలేనివాళ్ళు ఎంతమంది?"

"ఏడెనిమిది మంది ఉంటరు మేడమ్."

"ఏడా, ఎనిమిదా?"

"ఎనిమిది" అన్నాను. ఒక నంబరు చెప్పాలి కాబట్టి చెప్పాను.

"ఎవరెవరు? ఎక్కడ ఆగుతున్నారు?"

వేళ్ళు ముడుస్తూ మొదలుపెట్టాను. మొదటివాడు నోటికొచ్చాడు, వాడు నా బల్ల ముందే కూర్చుంటాడు. రెండో అమ్మాయి ఒత్తులు వదిలేస్తుంది. మూడోవాడి పేరు చెప్పి, వాడు ఎక్కడ ఆగుతాడో చెప్పకుండానే తర్వాతి వేలికి పోయాను. నాలుగో వేలు అలాగే ఉండిపోయింది. ఆమె తొందరపెట్టలేదు, సాయం చేయలేదు. పిల్లలు జవాబు వెతుక్కునేటప్పుడు ఆగినట్టే ఆగారు. అంతమంది ముందు నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"సరే, రేపు బడికెళ్ళి చూసి, సాయంత్రం ఫోన్ చేసి చెప్పండి" అన్నారు.

మర్నాడు నా రెండు తరగతుల ఇరవై ముగ్గురినీ ఒక్కొక్కరిగా నా పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. మధ్యాహ్నం దాకా పట్టింది. సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి, పదకొండు మంది అని చెప్పాను.