స్క్రూడ్రైవరు ఆనించి కంప్యూటరును విన్న రోజులు

భీమవరంలో కంప్యూటర్లు ఇళ్ళల్లోకి వస్తున్న కొత్తలో, వాటి జబ్బును చెవితో పట్టగలిగిన వాణ్ణి జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. రోజుకు పది డబ్బాలు వినేవాణ్ణి. నా కోసం హైదరాబాదు నుంచి కూడా మనుషులు వచ్చారు.

సరే, జిల్లా కాదు, మా వీధి. రోజుకు పది కాదు, మూడేళ్ళలో అన్నీ కలిపి తొమ్మిది. హైదరాబాదు నుంచి వచ్చినాయన పక్కింటివాళ్ళ అల్లుడు. వచ్చింది అత్తారింటికి.

నా అసలు పని డీజిల్ ఇంజన్లు బాగుచేయడం. రొయ్యల చెరువుల్లోకి నీళ్ళు తోడేవి, ఆ నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పేవి. ఇంజనును విప్పకముందు వినాలి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దాని ఒంటికి ఆనించి, పిడిని చెవికి నొక్కిపెడితే, లోపల బేరింగు ఏడుస్తోందో వాల్వు సణుగుతోందో తెలిసిపోతుంది. ఇందులో మాత్రం ఒక్క ముక్క కల్పించలేదు. కుడి చెవిని ఇంజన్లు ఎప్పుడో తినేశాయి కాబట్టి ఎడమ చేత్తో పట్టుకుని ఎడమ చెవితో వినేవాణ్ణి.

ఓసారి మా షెడ్డు పక్కన రొయ్యల మేత అమ్మే దుకాణంలో కంప్యూటరు బుర్రుమంటుంటే, సరదాకి స్క్రూడ్రైవరు ఆనించాను. "ఫ్యానండి. దుమ్ము పట్టేసింది," అన్నాను. విప్పి చూస్తే ఫ్యాను రెక్కల మీద అంగుళం మందాన మేతపొడి! తుడవగానే నోరు మూసుకుంది. ఇంకేముంది, ఏ డబ్బా మూలిగినా "మేస్త్రిగారిని పిలవండి" అనడం మొదలైంది. కీచుమని కూసి ఆగిపోతే, లోపలున్న మెమరీ ముక్కను తీసి, పెన్సిలు రాత చెరిపే రబ్బరుతో రుద్ది పెట్టేవాణ్ణి. లేచి కూర్చునేది. ఆ కిటుకు టీ కొట్టు దగ్గర ఎవరో లెక్చరరు చెబుతుంటే విన్నాను. అదీ వినడమే కదా!

ఒక మధ్యాహ్నం ఒక రొయ్యల రైతు వచ్చి నన్ను మోటారు సైకిలు మీద ఎక్కించుకుపోయాడు. ఆయన కూతురు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. మర్నాడు కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. ఆరు నెలల పనీ ఇంట్లో కంప్యూటరులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. అదేమో పొద్దుట్నుంచి గర్ర్‌మని, నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, అక్కడే బిగుసుకుపోతోంది.

"బాబాయ్‌గారూ, రేపు ఇది చూపించకపోతే నాకు డిగ్రీ రాదండి," అంది అమ్మాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. "తెర మీద ఏదో రాసింది, ఓసారి చదవండి."

"చదవడానికి నువ్వున్నావు కదమ్మా. నేను వింటాను."

ఆనించాను. టిక్, టిక్, టిక్. హార్డ్ డిస్కు పోయేముందు టిక్కుమంటుందని విని ఉన్నాను. పెద్ద డాక్టరులా స్క్రూడ్రైవరు దించి, "డిస్కు పోయిందండి," అన్నాను.

అమ్మాయి గోడకు జారబడి భోరుమంది. తండ్రి ఊరుకోలేదు. చెరువు గట్టు మీద ఇంజన్లతో కాపురం చేసే మనిషి, ఈ వైద్యం ఆయనకూ తెలుసు. స్క్రూడ్రైవరు లాక్కుని కుడి చెవికి పెట్టుకున్నాడు.

"ఏంటండీ మేస్త్రిగారూ, ఏం టిక్కుమంటం లేదే?"

"శుభ్రంగా వినండి."

"శుభ్రంగానే వింటన్నానండి. బుస్సుమంటంది, అంతే."

నేను పెట్టుకున్నాను. టిక్. ఆయన పెట్టుకున్నాడు. బుస్సు. నేను. టిక్. "నా చెవికి అనుభవం ఎక్కువండి," అంటూ, ఈసారి మొన డబ్బాకు తగలకుండానే పిడిని చెవికి నొక్కుకున్నాను. టిక్, టిక్, టిక్.

నా చేతి గడియారం!

రోజూ కీ ఇచ్చే పాతకాలపు వాచీ. ఇంజన్ల మోతలో ఏనాడూ వినపడనిది, ఈ నెమ్మదైన డబ్బా ముందు నేరుగా చెవిలో కొట్టుకుంటోంది. అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చి ఒళ్ళంతా చెమట పట్టింది. అంతకుముందు టిక్కుమంటోందని నేను చావుకబురు చెప్పిన డిస్కులు రెండున్నాయి. పాపం, నా మాట మీద వాళ్ళు కొత్తవి వేయించుకున్నారు.

నిజం చెప్పానా? లేదు. "ఉక్కగా ఉందండి," అంటూ వాచీ విప్పి జేబులో వేసుకుని మళ్ళీ విన్నాను. "ఆఁ, కొనప్రాణం ఉందండి. లోపల గాలి పట్టేసినట్టుంది." డీజిల్ గొట్టంలో గాలి చేరితే ఇంజను ఆగిపోతుంది, నట్టు వదులుచేసి గాలి తీస్తాం. కంప్యూటరులో గాలి ఎక్కడ చేరుతుందో నాకేం తెలుసు? కాని చేతులు ఊరికే ఉంటే పరువు పోతుంది. ముందువైపు కనపడ్డ మీటలు వరసగా నొక్కాను. ఒకటి నొక్కగానే, ఆ రోజుల్లో ఫైళ్ళు దాచుకునే ఫ్లాపీ బిళ్ళ ఠక్కున బయటికొచ్చింది, నాలుక చాపినట్టు.

అమ్మాయి ఏడుపు ఆపింది. రాత్రి పెట్టి మరిచిపోయిందట. ఫ్లాపీ లోపలుంటే కంప్యూటరు ముందు దాన్నే తడుముకుని, కావలసింది దొరక్క ఆగిపోతుందట. తను ఏదో మీట నొక్కింది. తెర వెలిగింది. ప్రాజెక్టు చెక్కుచెదరకుండా లోపలే ఉంది.

"బాబాయ్‌గారూ, ఇందాక పోయిందన్నారు కదండీ?"

"పోయిందమ్మా. వచ్చేసింది."

"ఆయ్, అంతేనమ్మా," అన్నాడు తండ్రి. "మన మూడో ఇంజనూ అంతే."

ఆ అమ్మాయి ఇక ఆ డబ్బాను నమ్మలేదు. అప్పటికప్పుడు ప్రాజెక్టునంతా ఫ్లాపీల మీదకు ఎక్కించి, దుమ్ము పడకుండా అన్నం క్యారేజీలో సర్దుకుంది. మర్నాడు గిన్నె మూత తీసి ఒక్కొక్కటీ ఇస్తుంటే పరీక్షకొచ్చినాయన నవ్వాపుకోలేకపోయాడట. మొత్తానికి గట్టెక్కింది.

ఆ కబురు చెప్పడానికి తండ్రీ కూతుళ్ళు షెడ్డుకు వచ్చారు. "అంతా మీ చెవి చలవేనండీ," అంది అమ్మాయి. ఆ మొహంలో సంతోషం చూసి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"నా చెవి వల్ల అయిందేం లేదమ్మా. నాకసలు ఏమీ తెలీదు," అన్నాను.

"విన్నావా? పెద్దాళ్ళు అలాగే అంటారమ్మా," అన్నాడు తండ్రి, నా స్క్రూడ్రైవరు తనే తీసి సంచిలో పెడుతూ. "రండి మేస్త్రిగారూ, మా చెరువు కాడ ఇంకో నలుగురు మీకోసం కంప్యూటర్లు పట్టుకుని కూర్చున్నారండి."