కొత్త పంచెలో ఉప్పు

నేను పులివెందులలో పిల్లలకు సైన్సు చెబుతాను. దయ్యాల కథ ఎవరు ఎత్తినా సాక్ష్యం ఏదని అడిగి నోరు మూయించేవాణ్ణి. ఇప్పుడు నా వంతు వచ్చింది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, జరిగింది జరిగినట్టు చెబుతాను.

పోయిన వేసవిలో మా చర్చివాళ్లతో కలిసి నెల్లూరు వైపు సముద్రానికి వెళ్లాను. మా అమ్మాయి గ్రేసుకు జ్వరం, ఇంట్లోనే ఉండిపోయింది. పాత పంచె నడుముకు బిగించి నీళ్లలో దిగాను. కాసేపటికి పంచె కింద చురుక్కుమంది. చుట్టూ చూస్తే ఏమీ లేదు. గట్టుకు వచ్చి చూసుకుంటే నడుం చుట్టూ జొన్నగింజలంత దద్దుర్లు, వరుసగా. కంటికి కనపడని సన్న పురుగులు బట్ట కింద ఇరుక్కుని కుడతాయనీ, ఆ బట్ట మళ్లీ కట్టుకోవద్దనీ అక్కడి జాలరి ఒకాయన చెప్పాడు. పంచె అక్కడే పారేశాను. అంతవరకూ సైన్సే కాబట్టి నాకు పేచీ లేదు.

మూడు వారాల తర్వాత, వేంపల్లె దగ్గర మా అన్న చీనీతోటలో, అదే బత్తాయి తోటలో, గ్రేసుకు ఈత నేర్పడం మొదలుపెట్టాను. బోరు నీళ్లు నిలవ చేసే కుంట అది. లోపలంతా ప్లాస్టిక్ షీటు. కాలు జారితే ఈత రాని మనిషికి పట్టు దొరకదు. సెలవుల్లో పిల్ల ఆడేదంతా ఆ గట్టు మీదే, అందుకే నా తొందర. మా వైపు ఈత నేర్పాలంటే మునగకుండా వీపుకు తేలే బెండ్లు కట్టి దించుతాం. తాడైతే ఒరుసుకుంటుందని, ప్రొద్దుటూరులో కొన్న కొత్త పంచె మడత విప్పి దానితో నడుం చుట్టూ తిప్పి కట్టాను.

నాలుగు బారలు కూడా వేయలేదు.

"నాన్నా, నడుం కాల్తాంది" అంది.

పైకి తీసి పంచె విప్పితే అవే దద్దుర్లు, అదే వరుస. నావి మానిపోయి మచ్చలు మిగిలాయి. పక్కన నిలబెట్టి చూస్తే తేడా లేదు.

గట్టు మీదున్న అన్నకు నీళ్ల మీద అనుమానం వచ్చింది. నీళ్లు చెడితే తోట దక్కదు. బోరు పడగానే నీళ్లు నోట్లో పోసుకుని చూడటం మా రైతుల అలవాటు. కుంటలో దోసిలి ముంచి తాగాడు. తర్వాత ఏం తోచిందో, పంచె పిండి ఆ చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

"నీళ్లు తియ్యగానే ఉండాయిరా. పంచె ఉప్పగా ఉంది."

నేనూ చూశాను. ఉప్పే. కొత్త బట్టకు గంజి ఉంటుంది గానీ, ఉప్పెందుకు ఉంటుంది?

పులివెందులలో డాక్టరు దద్దుర్లు చూసి, పాపను ఏ సముద్రానికి తీసుకుపోయారని అడిగాడు. మా పిల్ల ఇంతవరకూ సముద్రం మొహమే చూడలేదు.

గ్రేసు వారం రోజులు కుంట వైపు రాలేదు. ఇక ఎప్పటికీ దిగదేమోనని నాకు నిద్ర పట్టలేదు. చివరికి తనే వచ్చి బెండ్లు తాడుతో కట్టమంది. ఒరుసుకున్నా ఓర్చుకుంది. ఇప్పుడు బెండ్లు లేకుండానే ఆ కొసకు పోయి వస్తుంది. నీళ్లలోంచి నన్ను పిలుస్తుంది.

"దిగు నాన్నా, ఏం లేదు."

నిజమే, ఏమీ లేదు. అయినా నేను మోకాళ్ల దాకా దిగి ఆగిపోతున్నాను. ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర సైన్సు లేదు.