నేనేం చెప్పితిని?

ముత్తుసామి ఎవరికి ఏ పని చెప్పినా, దాన్ని తిరిగి వాళ్ల నోటితో చెప్పించుకోనిదే కదలనివ్వడు. పీలమేడులోని ఒక నూలు మిల్లులో ఆయన సూపర్‌వైజరు. "నేనేం చెప్పితిని?" అన్నది ఆయన ఊతపదం. టీ కొట్టులో "చక్కెర లేకుండా ఒకటి" అని, కొట్టాయన చేత కూడా అప్పజెప్పించుకుంటాడు. కూతురి పెళ్లిలో పురోహితుడు పలికించిన మంత్రం పలికి, అలవాటు కొద్దీ "అయ్యరే, ఇప్పుడు నేనేం చెప్పితిని?" అన్నాడట. "అర్థం మాత్రం నన్నడగొద్దు సామీ" అన్నాడట పురోహితుడు.

సూపర్‌వైజర్లకు మాటతీరు నేర్పే శిక్షణ మిల్లు ఆఫీసులో పనిచేసే సత్య చేతికొచ్చింది. "ముందు ఆ ముత్తుసామి ప్రశ్న మాన్పించు. పనివాళ్లు విసుక్కుంటున్నారు. మానకపోతే ఆయన జాగాలో ఇంకొకరిని పెడతాను" అని మేనేజరు రాజగోపాలన్ తేల్చేశాడు.

శిక్షణ రోజున సత్య మెల్లగా మొదలుపెట్టింది. "అన్నా, పని ఒక్కసారి చెప్పితే చాలు. మళ్లీ అడిగితే వాళ్లకు రోషం వస్తాది."

"సరి అమ్మిణీ. ఇప్పుడు నువ్వేం చెప్పితివో నేను చెప్పేదా?" అన్నాడు ఆయన వినయంగా.

గదంతా గొల్లుమంది. సత్యకూ నవ్వాగలేదు.

మర్నాడు ఆమె షెడ్డులోకి వెళ్లింది. మిషన్ల హోరులో ముత్తుసామి నడుస్తూనే మిషన్లు నడిపే అంజలమ్మకు పని చెప్పాడు. "పన్నెండో మిషన్ నడిపించు. నేనేం చెప్పితిని?"

"రెండో మిషన్ నడిపించమంటిరి."

రెండో మిషన్‌లో ఫిట్టరు వినోత్ మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాడు. సత్య గబుక్కున ఒక అడుగు ముందుకేసింది. ముత్తుసామి మాత్రం, "నేనే తప్పుగా చెప్పితిని" అంటూ అంజలమ్మ కుడి పక్కకు తిరిగి వచ్చి, వేళ్లు చూపించి మళ్లీ చెప్పాడు. "పన్నెండు" అని ఆమె వెళ్లిపోయింది.

సత్య ఆయన్ని బయటికి పిలిచింది. "అన్నా, ఆమెకు వినపడదా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఎడమ చెవి పోయె, అమ్మిణీ. ఇరవై ఏండ్లు ఈ మిషన్ల సత్తంలోనే కదా ఉండేది! ఆమెను ఒక్కదాన్నే అడిగితే నలుగురూ చెవిటిదంటారు. అందుకని అందర్నీ అడిగేది."

"టీ కొట్టాయన్ను గూడానా?"

"అదా... అది నోటికి పళక్కమైపోయె" అని తల గోక్కున్నాడు.

సత్య నేరుగా రాజగోపాలన్ దగ్గరికి వెళ్లి, అంజలమ్మ పేరెత్తకుండా, ఆ ప్రశ్న వల్ల వినోత్ చెయ్యి దక్కిన సంగతి మాత్రం చెప్పింది. ఆ సాయంత్రానికల్లా ప్రతి షెడ్డులో, ప్రతి సూపర్‌వైజరూ చెప్పిన పని తిరిగి చెప్పించుకోవాలని ఆర్డరు అంటించారు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళ సత్య అంజలమ్మ కుడి పక్కన కూర్చుంది. "అక్కా, ముత్తుసామన్న ఊరికూరికే అడిగితే నీకు కోపం రాదా?"

అంజలమ్మ ఆమె చెవి దగ్గరకు వంగి, రహస్యమనుకుని గట్టిగానే చెప్పింది. "ఎందుకు కోపం? ఆయనకు మరుపు, పావం! చెప్పింది చెప్పిన వెంటనే మరిచిపోతాడు. ఆఫీసుకు తెలిస్తే ఆయన పని పోతాది. అందుకే నేను విసుక్కోకుండా చెప్తాను. నువ్వు ఎవరికీ చెప్పొద్దు, సరేనా?"

సత్య ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.