కలుపు గడిలో రెండు మార్కులు

ఆ రోజుల్లో ఫారంలో పట్టని విషయం ఈ లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి జహీరాబాద్ వచ్చేయడంతో నా చదువంతా ఇక్కడే సాగింది. పొలంలో కాలు పెట్టింది మాత్రం కొలువులో చేరాకే. మెట్ట రైతులతో పనిచేసే చిన్న సంస్థలో పొలాలకు మార్కులేసే పని నాది. వాటిని పనితీరు సూచికలు అనేవాళ్లం (ఆ మాట పలికినప్పుడల్లా అంగుళం పొడుగయ్యేవాణ్ణి). కలుపు లేని పొలానికి పదికి పది. ఐదు దాటకపోతే ఆ ఏడాది సంస్థ ఇచ్చే మూడు బండ్ల పశువుల ఎరువు రాదు. ఆ నియమం నా సొంత తెలివే.

ఝరాసంగం దగ్గరి ఊళ్లో అందరూ పెద్దవ్వ అని పిలిచే ఆవిడ పొలం చూడడానికి షేర్ ఆటోలో వెళ్లాను. జొన్న, కంది సాళ్ల మధ్య పచ్చగా ఏవేవో మొలిచి ఉన్నాయి. పేపర్లు దిద్దే పంతులులా ముఖం పెట్టి, ఆమెకు చెప్పకుండా కలుపు గడిలో రెండు వేశాను. "ఎండల వచ్చినవు, జర తిని పో బిడ్డా" అని పెద్దవ్వ ఇంటికి తీసుకెళ్లింది. జొన్నరొట్టె, పక్కన కమ్మటి ఆకుకూర. రెండోసారి అడిగి వేయించుకున్నాను. మూడోసారి గిన్నె నావైపు లాక్కున్నాను.

"ఇదేం కూర అవ్వా? మార్కెట్లో ఎప్పుడూ చూడలేదే!"

"మార్కెట్ల ఎందుకుంటది? గిది దొగ్గలి, గిది గునుగు. పొద్దుగాల నా సాళ్లల్లనే తెంపిన. పంట పోయిన యేడాది మా పిల్లలు గివి తినే బతికిన్రు." నీళ్ల చెంబు అందిస్తూ మెల్లగా అడిగింది. "ఎరువు వస్తది గదా బిడ్డా? నేల మస్తు బక్కగైంది."

సంచిలోంచి ఫారం తీసి చూసుకున్నాను. నాకు పేరు తెలియని ప్రతి మొక్కనూ కలుపని రాసేశాను. సిగ్గుతో చచ్చిపోతూ నిజం చెప్పేశాను. ఆమె తిట్టినా బాగుండేది, నవ్వింది.

"మూడుసార్లు తింటివి, రెండు మార్కులేస్తివా!"

ఆఫీసులో పెద్దసారుకు జరిగిందంతా చెప్పి, ఆయన ముందే ఆ రెండు కొట్టేసి పది వేశాను. "కూరకు గడేదయ్యా?" అన్నాడాయన. "పెట్టలేదు సార్, తప్పు నాదే." ఆయన ఫారం కాసేపు చూసి, "ఎట్లుండె కూర?" అని అడిగి సంతకం పెట్టాడు. ఆ వారమే పెద్దవ్వ పొలానికి ఎరువు బండ్లు కదిలాయి.

ఇప్పుడు ఫారాలు ఫోన్లోకి వచ్చాయి. తయారుచేసేది నేనే. చివర్లో ఒక గడి పేరు లేకుండా వదిలేస్తాను. ఏం రాయాలి సార్ అని కొత్తవాళ్లు అడిగితే, "వాళ్లింట్లో తిన్నాక రాయండి" అంటాను. చాలామంది ఖాళీగానే పంపుతారు (నేను కూడా ఆ వయసులో అంతే చేసేవాణ్ణి). మొన్న ఒకమ్మాయి నింపింది. "గునుగు కూర. మళ్లీ అడిగి వేయించుకున్నాను." అప్పుడే టిఫిన్ తిని కూర్చున్నానా, అది చదవగానే మళ్లీ ఆకలేసింది.