చెయ్యెత్తితే చాలన్న బడి

ఏటా జూన్ రాగానే బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరిగే పని నాది. నేరేడుచర్ల దగ్గర ఒక ఊళ్లో సర్కారు టీచర్ని. పిల్లల్ని బడికి పంపమని తల్లుల్ని బతిమాలతాను. గొర్ల వెంట పోయినవాళ్లను వెతికి మరీ పట్టుకొస్తాను. అట్లాంటి నేను పోయిన ఏడాది దసరా సెలవులు అయ్యాక నా సొంత బిడ్డను బడి మాన్పించాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మిర్యాలగూడలో మా వీధి వీధంతా నవ్వింది. కొత్తగా మీరు నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

బిడ్డకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయి, మెడ నరాలు బిగుసుకుని, కాసేపటికి గానీ మాట బయటికి రాదు. సూర్యాపేటలో డాక్టరుకు చూపిస్తే, ముందు మీరు తొందరపెట్టడం మానండి అన్నాడు. అదొక్కటే మా ఎవరివల్లా కాలేదు. ఎవరైనా పేరడిగితే తను నోరు తెరిచేలోపు నేనే చెప్పేసేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకునేదాన్ని.

తను చదివింది పేరున్న ప్రైవేటు బడిలో. ఒకరోజు పేరెంట్స్ మీటింగులో క్లాస్ టీచరు నాకేదో మేలు చేసినట్టు చెప్పింది.

"అటెండెన్స్ అప్పుడు పాప ‘ప్రెజెంట్ మేడమ్’ అనేసరికి టైమంత అయిపోతుంది మేడమ్. పిల్లలు గూడ నవ్వుతున్నరు. అందుకే నోటితో చెప్పొద్దు, చెయ్యెత్తితే చాలు అన్న. పాపకు గూడ ఈజీ గద."

నేను థ్యాంక్స్ చెప్పి వచ్చాను. అవును, థ్యాంక్సే చెప్పాను. ఇప్పటికీ అది గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వారం తిరక్కుండానే ఇంట్లో అన్నం తింటూ తింటూ బిడ్డ చెయ్యెత్తింది. ఏం కావాలో నాకు అర్థం కాలేదు. చెంబు వైపు చూపించింది. మంచినీళ్లు. కన్నతల్లి ముందు, సొంత ఇంట్లో, నీళ్లు అడగడానికి నోరు తెరవలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు సెలవు పెట్టి ఆ బడికి పోయాను.

"టీసీ ఏ బడికని రాయాలె మేడమ్?" అని ప్రిన్సిపాల్ అడిగాడు.

"ఇంటికని రాయుండ్రి" అన్నాను.

అంత రోషంగా అన్నాను గానీ, ఇంట్లో ఏం చెయ్యాలో నాకే తెలియదు. ముందు ఆలోచించి చేసిన పని కాదది. మా ఆయనకు ఫోన్ చేసి చెబితే, "మంచిగైంది, తీస్కరా" అని పెట్టేశాడు.

కోదాడలో ఉండే మా ఆడబిడ్డ మాత్రం ఆ సాయంత్రమే ఫోన్ చేసింది. "టీచరువై ఉండి ఇదేం పని వదినా? రేపు నలుగురిలో ఎట్టా తిరుగుద్ది పిల్ల?"

"నలుగురిల ఉండబట్టే నోరు పోగొట్టుకున్నది. ఇంట్లన్న తెరవనీ" అన్నాను.

మా బడిలో పెద్దసారు ఇంకో పోటు పొడిచాడు. "మన బడిల వెయ్యొచ్చు గద మేడమ్? మీ బిడ్డనే ఇంట్ల పెట్టుకోని ఊళ్లె పిల్లలను రమ్మంటే ఎట్లుంటది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. సర్కారు జీతం తీసుకుంటూ బిడ్డను ప్రైవేటు బస్సు ఎక్కించినదాన్ని. ఇంటికి పోయి అడిగాను, నా బడికి వస్తవా అని. తను చాలాసేపు తంటాలు పడి "ఇ... ఇప్పుడు కాదు" అంది. ఆ బడి మాన్పించాక అది తను నాతో అన్న మొదటి పూర్తి మాట. దాన్ని కాదనే ధైర్యం ఏ పెద్దసారుకైనా ఉంటే ఉండనీ, నాకు లేదు.

మొదటి నెల నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. గోడకు టైంటేబుల్ అంటించాను. ఇంగ్లిషు, లెక్కలు, చూచిరాత. ప్రశ్న అడిగి జవాబు కోసం గడియారం చూశాను. బిడ్డ నా ముందు కూడా చెయ్యెత్తింది. మా ఆయన ఆ కాగితం పీకేసి, "జర నువ్వు ఊకో. పొద్దుందాక నాతోని ఉండనీ" అన్నాడు.

ఆయనది మోటార్ వైండింగ్ షాపు. పొలాల దగ్గర కాలిపోయిన మోటార్లు అక్కడికి వస్తాయి. మాడిన తీగ తీసేసి, హ్యాండిల్ తిప్పుతూ కొత్త రాగి తీగ చుడతాడు. చుట్ల లెక్క తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది. అందుకే ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. లెక్కలో ఉన్న మనిషిని ఎవరూ కదిలించకూడదు. ఎవరైనా పిలిస్తే మా ఆయన తల తిప్పడు, అరచెయ్యి ఎత్తి చూపిస్తాడు. లెక్కలో ఉన్నా, ఆగు అని. హాలియా నుంచి వచ్చిన రైతైనా, కరెంటాఫీసు సారైనా ఆగాల్సిందే.

ఆ లెక్క పని బిడ్డకు ఇచ్చాడు. తీగ ముట్టుకోనియ్యడు, స్టూలు మీద కూర్చుని గట్టిగా లెక్కపెట్టాలి. ముప్పై దాకా గడగడా పోయేది. ఎక్కడైనా గొంతు పట్టేస్తే హ్యాండిల్ కూడా ఆగేది. నంబరు బయటికి వచ్చాకే చుట్టు తిరిగేది. మోటార్ల కోసం వచ్చిన రైతులు బీడీ కాలుస్తూ ఆగేవాళ్లు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ నంబరు అందించలేదు. పదిహేనేళ్ల నుంచి పాఠాలు చెప్తున్న నాకు ఆ స్టూలు దగ్గర సిగ్గేసింది. సాయంత్రాలు నా దగ్గర పుస్తకాలు చదివేది, నేను గడియారం తీసి బీరువాలో పెట్టాను. అటెండెన్స్ అప్పుడు నా బడి పిల్లల్ని కూడా తొందరపెట్టడం మానేశాను.

మళ్లీ జూన్ వచ్చింది. ఒక సాయంత్రం నేను షాపులో ఉండగా, బడికి పోని పిల్లల జాబితా రాసే సారు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. నన్ను గుర్తుపట్టి ఇబ్బంది పడ్డాడు.

"మేడమ్, మీ ఇల్లే ఉన్నది లిస్టుల. రాయమంటరా?"

"రాయుండ్రి సార్. బడి బయటనే ఉన్నది. దాచుడెందుకు?"

ఆయన స్టూలు మీది బిడ్డ వైపు తిరిగి పేరడిగాడు. బిడ్డ నోరు తెరిచింది. మొదటి అక్షరం పట్టేసింది. ఆయన నా వైపు చూశాడు. నా నాలుక చివరిదాకా వచ్చేసింది ఆ పేరు, ఏళ్ల అలవాటు.

బిడ్డ చెయ్యెత్తింది. ఇన్ని నెలల తర్వాత మళ్లీ ఆ బడి చెయ్యేనా అనుకున్నాను. కాదు. అరచెయ్యి మా ఇద్దరి వైపు ఉంది, వాళ్ల నాయన ఎత్తినట్టే. ఆగమని.

సారు పెన్ను పట్టుకుని ఆగాడు. మోటారు కోసం వచ్చిన ఇద్దరు రైతులు ఆగారు. నేనూ నోరు మూసుకున్నాను. ఎంతసేపు పట్టిందో చూడలేదు. ఇంటిపేరుతో సహా తన పేరు తనే చెప్పింది, ఆ తర్వాతే చెయ్యి దించింది.