మెట్ల కింద వంట

సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో మా ఆయన టైల్స్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఊళ్లో యుద్ధం మొదలైన పొద్దున ఆయన డ్యూటీలో ఉన్నాడు. రోడ్లు మూసేయడంతో అక్కడే చిక్కుకుపోయినాడు. అద్దె ఇంట్లో నేనొక్కదాన్నే.

రెండోరోజుకి కరెంటు, నీళ్లు, గ్యాస్ అన్నీ పోయినాయి. మా కింది ఇంట్లో ఒక సూడాన్ టీచరమ్మ ఉండేది, నాకంటే పదేళ్లు పెద్ద. ఆమె బిల్డింగ్‌లో ప్రతి తలుపూ తట్టి, తినేవి ఏముంటే అవి తీసుకొని మెట్ల కిందికి రమ్మంది. కిటికీలు లేని చోటు అదొక్కటే. పందొమ్మిది మందిమి చేరినాం, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు.

"నేను వండుతాను" అన్నాను, నాకొచ్చిన బజారు అరబ్బీలో.

"ఇంతమందికా?" అందామె.

"మా ఇంట్లో పండగంటే ఇంతమందే" అన్నాను.

బొగ్గుల పొయ్యి మీద అన్నం, శనగలు. కాల్పులు దగ్గరికొస్తే గిన్నె దించి గోడకానుకొని కూర్చునేవాళ్లం. ఆగినాక మళ్లీ ఎక్కించేదాన్ని. ఒకరోజు అన్నం నాలుగుసార్లు దిగి ముద్దయింది. ఎవరూ వంక పెట్టలేదు. టీచరమ్మ నీళ్లు గ్లాసుతో కొలిచి ఇచ్చేది, అందరికన్నా చివర తాను తాగేది. ఉన్నన్ని రోజులూ మా మెట్ల కింద ఒక్కరూ పస్తు పడుకోలేదు.

తొమ్మిదోరోజు, చార్జింగ్ దాచుకోవడానికి ఆపి ఉంచిన ఫోన్ తీసేసరికి మా ఆయన చేసినాడు, ఇండియావాళ్లను ఓడరేవుకు తీసుకుపోయే బస్సు వస్తోందని, తానూ అందులోనే ఉంటాడని.

"మీరూ రండి" అన్నాను టీచరమ్మతో.

"నీకు పోవడానికి ఒక దేశముంది. పో" అంది. కోపంగా కాదు. రేవు చేరేదాకా నాకు ఆమె ముఖమే కనిపించింది.

బెంగళూరులో, హూడిలో మా అన్న ఇంట్లో దిగినాం. చూడ్డానికొచ్చినవాళ్లంతా పాపం, పాపం అన్నారు. నెలన్నర విన్నాను. మా వదినే ఒకరోజు, "బ్రూక్‌ఫీల్డ్‌లో లేడీస్ పీజీ హాస్టల్‌కి వంటమనిషి కావాలంట, పోతావా?" అంది.

పీజీ ఓనరమ్మ కోలారు మనిషి. "ఎక్స్‌పీరియెన్స్ ఉండాదా?" అని అడిగింది.

"ఉండాదమ్మా. పందొమ్మిది మందికి వండినాను. కరెంటు లేదు, గ్యాస్ లేదు, పైన విమానాలు."

"పొద్దున ఆరుకి వస్తావా?" అంది.

ఇప్పుడు అరవై మంది ఆడపిల్లలకు వండుతాను. మా ఆయనకు హొసకోటెలో పని దొరికింది.

పోయిన ఏడు కైరో నుంచి టీచరమ్మ వీడియో కాల్ చేసింది. సరిహద్దు దాటి అక్కడ చేరిందట. అద్దె గదిలో తన ఊరి పిల్లలను పోగేసి బడి పెట్టింది. ఫోన్ తిప్పి చూపించింది. ఇరవైమంది, నేల మీద బాసింపట్లు వేసుకొని రాస్తున్నారు.

పీజీ పిల్లలు నా చుట్టూ మూగినారు. "ఎవరాంటీ?"

"మా బిల్డింగ్‌లో టీచరమ్మ" అన్నాను, ఫోన్ అందరికీ కనిపించేలా పైకెత్తి.